మోటారు బండి మెరుపు

కడప నుండి రాయచోటికి వచ్చు దారిలో గువ్వలచెరువు కనుమ కలదు. వేసవి దినములలో ఆ కనుమ ఎక్కి దిగిన కారు రాయచోటి చేరునప్పటికి దాని అసలు రంగు పోల్చుకొనుట కష్టము. బానెట్టు మీద, అద్దముల మీద, తలుపుల అంచులలో ఎర్రని పొడి పేరుకొని యుండును. డ్రైవరు బండిని నీడను నిలిపి, సీటు క్రింద నుండి పాత గుడ్డ నొకదానిని తీసి, ఒకసారి దులిపి, రెండు నిమిషములలో బండి నంతటిని తుడిచివేయును. బండి తళతళ మెరయును. చూచువారికి శుభ్రత కనిపించును. కాని ఆ రెండు నిమిషములలో పైపూతకు జరిగిన హాని, అంతవరకు దారి పొడవునను జరిగిన హాని కంటె ఎక్కువ.

ఆ ఎర్రని పొడి ఏమిటో తెలిసినచో కారణము బోధపడును. రాయచోటి చుట్టుపట్ల నేల చాలవరకు గ్రానైటు, నైసు జాతి రాళ్లు చివికి ఏర్పడినది. గ్రానైటులో ముఖ్యమైన ఖనిజములు మూడు: ఫెల్డుస్పారు, అభ్రకము, పలుగురాయి. ఎండకు, వానకు ఫెల్డుస్పారు చివికి బంకమట్టి యగును. అభ్రకము పొరలు పొరలుగా విడిపోవును. పలుగురాయి మాత్రము చివుకదు. విరిగి విరిగి ఇసుక యగును, ఆ ఇసుక నలిగి సన్నని పొడియై గాలిలో లేచును. ఇనుప ఆక్సైడు పట్టి యుండుటచే ఆ పొడికి ఎరుపు రంగు వచ్చును.

జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో ఏర్పరచిన కాఠిన్యపు కొలతలో బలపపు రాయికి 1, వజ్రమునకు 10. పలుగురాయికి 7. కిటికీ అద్దము 5.5 ప్రాంతమున ఉండును. మనిషి గోరు 2.5. నేటి కారు పైపూత ఒక జాతి ప్లాస్టిక్కు. దాని కాఠిన్యము గోటికి అటునిటుగానే ఉండును. కనుక పొడిగుడ్డతో దుమ్ము తుడుచుట యనగా, 7 అంకె గల పదార్థముతో 3 అంకెకు చేరని పదార్థమును రుద్దుటయే. గుడ్డ మెత్తనిదే, గుడ్డకు, పూతకు నడుమ చిక్కిన రేణువు మెత్తనిది కాదు.

ఈ గీతలను చూచుటకు కారే కావలయునని లేదు. ఇంట చాలకాలము తోమిన స్టీలు పళ్లెమును ఎండలో పట్టినచో, సూర్యుని ప్రతిబింబము చుట్టును సాలెగూడు వలె సన్నని వలయములు కానవచ్చును. పళ్లెమును గుండ్రముగా తోముట చేతనే వలయములు పడినవని పలువురు తలంతురు. అది సరికాదు. పళ్లెమును కొంచెము ప్రక్కకు జరిపినచో వలయముల కేంద్రము ప్రతిబింబము ఉన్న చోటికే మారును. నిజముగా గీసిన వలయములే అయినచో వాని కేంద్రము పళ్లెము మీద ఒకే చోట ఉండవలయును గదా! వాస్తవమున గీతలు అన్ని దిక్కులకును పోవుచుండును. వానిలో ప్రతిబింబము చుట్టును స్పర్శరేఖల వలె అమరినవి మాత్రమే వెలుగును కంటి వైపునకు పంపును, తక్కినవి కనబడవు. నల్లని కారు బానెట్టు మీద ఎండలో కానవచ్చు సాలెగూళ్లకును కారణమిదే. ఇది కాంతి పాఠము చెప్పునపుడు తరగతిలో చూపదగిన సంగతి.

ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. దానికి దుమ్ము శత్రువు కాదు, నీరు మిత్రము. వేసవిలో కొయ్య ఎండి ముడుచుకొన్నపుడు చక్రము మీది ఇనుప పట్టా వదులగును. అపుడు రైతు చక్రములను చెరువులోనో కుంటలోనో నానవేయును. కొయ్య నీటిని పీల్చి ఉబ్బి, పట్టా మరల బిగియును. ఇరుసుకు ఆముదము పోయుదురు. రంగు వేయుట శోభ కొరకే కాని రక్షణకు కాదు. బండిని చెరువులోనికి తోలి కడుగు అలవాటు ఎద్దుబండి నుండి లారీకి, ట్రాక్టరుకు వచ్చినది. కాని కొయ్య వేరు, ఇనుప రేకు వేరు. ఇనుమునకు నీరు, గాలిలోని ఆమ్లజని కలిసి తగిలినచో తుప్పు పట్టును. మోటారు బండికి పూత అలంకారముగా వచ్చినది కాదు, చర్మముగా వచ్చినది.

ఆ చర్మము మొదట గుర్రపుబండ్లు చేయువారి వద్ద నుండి వచ్చినది. ఐరోపాలో, అమెరికాలో శ్రీమంతుల గుర్రపుబండ్లకు అవిసెనూనెలో రంగుపొడి నూరి పూయుదురు. దానిపై చెట్ల బంకలు కరిగించిన వార్నిషు వేయుదురు. అవిసెనూనె ఆరుట నీరు ఆరుట వంటిది కాదు. నీరు ఆవిరియై పోవును. నూనె ఎక్కడికిని పోదు. గాలిలోని ఆమ్లజనిని పీల్చి, దాని అణువులు ఒకదానితో నొకటి ముడిపడి గట్టి పొర యగును. వంటింట దీపపు కుందె మీద, పాత నూనెడబ్బా అంచు మీద జిగురుగా కట్టు పొర ఈ జాతిదే. ఈ మార్పునకు కాలము కావలయును. ఒక పూత ఆరి, దానిని రాతిపొడితో నునుపు చేసి, మరియొక పూత వేసి, అది ఆరి, ఇట్లు ఒక బండికి వారముల కొలది పట్టెడిది. తొలినాటి మోటారు బండ్లకును ఇదే పద్ధతి.

1908లో హెన్రీ ఫోర్డు మోడల్-టి కారును బయటికి తెచ్చెను. కదలు వరుసలో బండ్లు కూర్చు పద్ధతి వచ్చిన పిమ్మట, కర్మాగారమునకు రంగు ఆరుట ఒక పెద్ద అడ్డంకి యయ్యెను. బండి తయారగుటకు గంటలు, రంగు ఆరుటకు దినములు! 1914 నుండి 1925 వరకు ఫోర్డు ఈ బండిని నల్లరంగులో మాత్రమే అమ్మెను. తారు జాతి పదార్థమును అవిసెనూనెతో కలిపి పూసి, కొలిమి గదులలో కాల్చి గట్టిపరచు నల్లపూత చౌకయైనది, త్వరగా ఆరునది, గట్టిది. ఎరుపు, పసుపు రంగులకు ఆ సౌకర్యము లేదు.

ఆ అడ్డంకిని తొలగించినది ప్రత్తి. ఆదోని ప్రత్తి సంతలో తిరిగినవారికి ఇది వింతగా తోచును. ప్రత్తిని నత్రికామ్లము, గంధకికామ్లముల మిశ్రమములో ముంచినచో నైట్రోసెల్యులోసు అగును. తుపాకిమందుగా పనికివచ్చు ఈ పదార్థమును డ్యుపాంటు అను అమెరికా సంస్థ మొదటి ప్రపంచయుద్ధ కాలమున విరివిగా తయారుచేసెను. యుద్ధము ముగిసెను, యంత్రములు మిగిలెను. నైట్రోసెల్యులోసును ద్రావకములలో కరిగించి పల్చని పూతగా చల్లు ఉపాయమును ఆ సంస్థ రసాయనజ్ఞులు సాధించిరి. డ్యూకో అను పేరుగల ఈ లాకరును 1923లో జనరల్ మోటార్సు వారి ఓక్లండు కార్లకు మొదటిసారి వాడిరి. ఈ పూత నూనె వలె ఆరదు. ద్రావకము ఎగిరిపోగానే గట్టి యగును. అందువలన వారముల పని దినములలోనికి, పిదప గంటలలోనికి వచ్చెను. కోరిన రంగు దొరకెను. ఈ పని చేయు గదులలో అరటిపండు వాసన వచ్చెడిది. ద్రావకములుగా వాడు అసిటేటు ఎస్టర్ల గుణమది.

ఇక్కడ రెండు మాటలు చెప్పవలసియున్నవి. లాకరు అను మాటకు మూలము మన లక్కయే. సంస్కృతపు లాక్ష పలు భాషలు తిరిగి ఆ రూపము దాల్చినది. ఇక నైట్రోసెల్యులోసు పొర ఒంటరిగా పెళుసు. ఆ పెళుసుదనము పోవుటకు ఇట్టి లాకర్లలో కలుపు పదార్థములలో ఆముదము ఒకటి. రాయలసీమ మెట్టచేలలో పండి బండి ఇరుసుకు పోసిన ఆముదము వంటిదే, మోటారు బండి పైపూతలోనికిని చేరినదన్నమాట.

లాకరుతో మెరుపు వచ్చినది, కాని నిలువలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణములకు నైట్రోసెల్యులోసు విరిగి, పై పొర సుద్ద వలె పొడియగును. అందువలన దానికి మెరుగు పెట్టుట, మైనము పట్టించుట నిత్యకృత్యములైనవి. బ్రెజిలు దేశములో కార్నాబా అను తాటిజాతి చెట్టు కలదు. ఎండకు తన నీరు ఎగిరిపోకుండ ఆ చెట్టు ఆకుల మీద మైనపు పొర కట్టుకొనును. ఆకులను ఎండబెట్టి దులిపి ఆ మైనమును తీయుదురు. తేనెపట్టు మైనము 62-64 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరుగగా ఇది 82-86 డిగ్రీల వరకు నిలుచును. ఎండలో నిలిపిన నల్లని కారు పైకప్పు వేడి 70 డిగ్రీలకు పైబడుట రాయలసీమ వేసవిలో అరుదు కాదు. తేనెమైనము అక్కడ కరిగి దుమ్మును పట్టుకొనును, కార్నాబా నిలుచును. ఎండదేశపు చెట్టు తన కొరకు చేసికొన్న కవచమును మనుష్యుడు తన బండికి తొడిగెను.

మన దేశమున కార్నాబా మైనము కొనగలవారు కొందరే. 1957లో తయారీ ఆరంభమై 2014 వరకు సాగిన అంబాసిడరు కారు చాలకాలము మన రోడ్లకు రాజు. ఇంటి ముందర నిలిపిన అంబాసిడరును బకెట్టు నీటిలో కొంచెము కిరసనాయిలు కలిపి తుడుచుట అలవాటుగా నుండెడిది. తుడువగానే మెరయును గనుక అది మంచి పద్ధతియని పేరు వచ్చెను. కిరసనాయిలు గీతలలో నిండి, వాని అంచుల వద్ద వెలుగు చెదరకుండ చేయును. మెరుపునకు కారణ మంతే. సాయంకాలమునకు ఆ జిడ్డు మీద దుమ్ము పట్టును. మరునాడు ఆ దుమ్మునే మరల రుద్దుదురు.

మెరుగు పెట్టుట యనగా వాస్తవమున ఏమి జరుగును? ఈ ప్రశ్నకు జవాబు రెండువందల ఏబది సంవత్సరములు అటునిటు ఊగినది. న్యూటను 1704లో ప్రకటించిన దృక్శాస్త్ర గ్రంథములో, ఇసుకతోను తరువాత మెత్తని పొడులతోను గాజును మెరుగుపెట్టుట యనగా పెద్ద గీతలను చిన్న గీతలుగా మార్చుటయే యనెను. గీతలు పోవు, కంటికి కానరానంత సన్నబడును. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జార్జి బీల్బీ దీనిని కాదనెను. మెరుగుపెట్టునపుడు పై పొర ద్రవము వలె ప్రవహించి గుంటలను నింపునని ఆయన మతము. 1937లో కేంబ్రిడ్జిలో బౌడెను, హ్యూస్ అనువారు ప్రయోగములు చేసి, మెరుగుపొడి గట్టిదనము కంటె దాని ద్రవీభవన స్థానమే ముఖ్యమనియు, రాపిడి వేడికి పై పొర కరుగుననియు చెప్పిరి. 1950 దశకమున ఆస్ట్రేలియాలో లియొనార్డు శామ్యూల్సు లోహపు ఉపరితలములను పరీక్షించి, అక్కడ కరిగి ప్రవహించిన పొర యేదియు లేదనియు, మెరుగుపొడి రేణువులు అతి సన్నని ఉలుల వలె చెక్కుటయే చాలవరకు జరుగుననియు చూపెను. పదార్థమును బట్టి భేదములున్నను, న్యూటను మాటకే విలువ నిలిచినది.

ఈ వాదము కారు యజమానికి పట్టనిది కాదు. ప్రవహించి నిండుటయే నిజమైనచో ఎన్నిసార్లు మెరుగుపెట్టినను నష్టము లేదు. చెక్కుటయే నిజమైనచో ప్రతిసారి కొంత పోవును. అంబాసిడరు కాలమున ఇది కంటికి కనబడెడిది: నీలము కారును మెరుగుపెట్టిన గుడ్డ నీలమగును, ఎర్రకారుకు గుడ్డ ఎర్రనగును. పోయినదేమో గుడ్డయే చెప్పెడిది. నేటి కార్లకు గుడ్డకు రంగు అంటదు. ఏమియు పోలేదని యజమాని సంతోషించును. వాస్తవమున పోవుచున్నది రంగులేని పొర గనుక గుడ్డ తెల్లగా నున్నది.

ఆ రంగులేని పొర ఎట్లు వచ్చినదో చెప్పవలెను. 1920 దశకపు చివర నుండి ఆల్కిడు ఎనామెలులు, 1950 దశకపు చివర నుండి ఆక్రిలిక్కు లాకర్లు డ్యూకోను క్రమముగా తొలగించెను. 1960 దశకమున ఫోర్డు సంస్థలో విద్యుత్తు సాయముతో మొదటి పూత పూయు పద్ధతి వాడుకకు వచ్చెను. బండి రేకును పూర్తిగా నీటిపూత తొట్టిలో ముంచి కరెంటు ప్రసరింపజేసినచో, రంగు కణములు సందుగొందులలోనికి కూడ పోయి పట్టును; ఒకచోట పట్టిన పొర కరెంటును అడ్డగించుటచే కణములు పూత లేని చోటికి తరలును. గిన్నెలకు వెండిపూత పూయుట ఎరిగిన విద్యార్థికి ఇది క్రొత్తగా తోచదు. 1970, 1980 దశకములలో పైపూత రెండుగా చీలినది: క్రింద పల్చని రంగు పొర, పైన గాజు వలె పారదర్శకమైన పొర. ఎండను అడ్డుకొను రసాయనములను ఈ పారదర్శక పొరలోనే కలుపుదురు. కొన్ని అతినీలలోహిత కిరణములను తాము మ్రింగి వేడిగా మార్చును. 1970 దశకమున వచ్చిన మరికొన్ని, కిరణముల తాకిడికి పుట్టిన చురుకైన అణుశకలములను పట్టి శాంతింపజేయును.

రేకు నుండి పైవరకు ఈ పొరలన్నియు కలిసి సాధారణముగా 100 నుండి 130 మైక్రానులు. మైక్రాను మిల్లీమీటరులో వేయవ వంతు. మనిషి వెంట్రుక 70 మైక్రానుల ప్రాంతము. విద్యుత్పూత 20, దానిపై నునుపు పొర 30-35, రంగు పొర 15, పారదర్శక పొర 40-50. గట్టి మెరుగుమందుతో ఒకసారి మెరుగుపెట్టినచో రెండు మూడు మైక్రానులు పోవచ్చును. మొత్తముమీద ఏడెనిమిది మైక్రానులకు మించి తీసినచో ఎండ నుండి రక్షణ సన్నగిల్లునని ఆ వృత్తిలోనివారు ఎంచుదురు. ఈ లెక్కన ఒక కారు జీవితకాలమున గట్టిగా మెరుగుపెట్టుటకు మూడు నాలుగు అవకాశములే యున్నవి. దీపావళికొకసారి, సంక్రాంతికొకసారి యంత్రముతో మెరుగుపెట్టించువారు రెండేండ్లలో ఆ నిధిని కరగించుకొందురు. తరువాత పైకప్పు మీద, బానెట్టు మీద పారదర్శక పొర తెల్లబారి, పొలుసులుగా లేచును. దానికి మైనము మందు కాదు. మరల రంగు వేయవలసినదే.

పై పొరలలోని నునుపు పొరకు, దాని వంటి ఇతర పూతలకు, కడపసీమ ఖనిజము ఒకటి పనికివచ్చును. అది ముగ్గురాయి; బేరియము సల్ఫేటు. రైల్వేకోడూరుకు చేరువనున్న మంగంపేట ముగ్గురాళ్ల గని ప్రపంచమున ఒకేచోట దొరకు ముగ్గురాయి నిల్వలలో మిక్కిలి పెద్దదిగా ప్రసిద్ధి. అక్కడి రాయిలో అధిక భాగము చమురుబావులు త్రవ్వు బురదలో బరువు కొరకు పోవును. తెల్లని మేలురకము ముగ్గురాయి పొడిని మాత్రము రంగులలో కలుపుదురు. నీటికన్న నాలుగున్నర రెట్లు బరువైన ఈ పొడి ఆమ్లములకు లొంగదు, నీటిలో కరుగదు, నునుపు చేయుటకు అనువుగా నుండును. మోటారు బండ్లు కూడ రాయలసీమలో తయారగుచున్నవి. పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ఆరంభించెను. దానికి నీరు హంద్రీ-నీవా కాలువ మీది గొల్లపల్లి జలాశయము నుండి వచ్చును. కృష్ణ నీరు అంత దూరము వచ్చినగాని ఆ కర్మాగారము నడువదు.

నీటి మాట వచ్చినది గనుక దుమ్మును విడిచి దానిని చూడవలెను. రాయచోటిలో కారుకు రెండవ శత్రువు అదియే. కడప జిల్లాకు సాధారణ వర్షపాతము ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో చాలభాగము కొలది దినములలో కురిసి పోవును. బోరుబావి లోతు పెరిగిన కొలది నీరు రాళ్ల నడుమ ఎక్కువ కాలము నిలిచి, కాల్షియము, మెగ్నీషియము లవణములను ఎక్కువగా కరిగించుకొనును. ఇట్టి కఠినజలము సబ్బుతో నురగ ఇయ్యదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టును. అదే పెచ్చు కారు మీదను కట్టును. ఎండలో కారు కడిగినచో బొట్టు బొట్టుగా నిలిచిన నీరు ఆవిరియగునపుడు కాల్షియము బైకార్బొనేటు విడిపోయి, కాల్షియము కార్బొనేటు తెల్లని వలయముగా మిగులును. కొన్నాళ్ల ఎండ తగిలిన పిమ్మట ఆ వలయమును తీసినను దాని క్రింద పూత మీద గుంటవంటి మచ్చ కానవచ్చును. నీటిబొట్టు భూతద్దము వలె పనిచేసి పూతను కాల్చునని ఒక వాడుక కలదు. బల్లపరుపు రేకు మీది బొట్టు ఎండను కేంద్రీకరించు చోటు సాధారణముగా రేకుకు దిగువన పడును, నేరము లవణములదే.

దీనిని పాఠశాలలో పరీక్షించుట సులభము. శుభ్రమైన గాజుపలక మీద మూడు బొట్లు ఉంచవలెను: ఒకటి బోరునీరు, ఒకటి వాననీరు, ఒకటి బ్యాటరీకి పోయు శుద్ధజలము. ఎండలో ఆరనిచ్చి నల్లకాగితము మీద ఉంచి చూడవలెను. బోరునీటి బొట్టు చోట దట్టమైన వలయము, వాననీటి చోట మసక జాడ కానవచ్చును. మూడవచోట దాదాపు ఏమియు నుండదు. వలయము మీద నిమ్మరసము చుక్క వేసినచో సన్నని బుడగలు వచ్చును. అవి కార్బను డయాక్సైడు. బుడగలు వచ్చి కరిగిన భాగము కార్బొనేటు. నిమ్మరసమునకు కూడ కదలని భాగము మిగిలినచో అది సిలికా జాతి లవణము కావచ్చును. కారు మీద అట్టిది పట్టినచో తీయుట మరింత కష్టము.

ఈ సంగతి కువైటు పోయి వచ్చినవారికి ప్రత్యేకముగా ఎదురగును. రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతముల నుండి వేలమంది ఆ దేశమునకు బ్రతుకుతెరువుకై పోయిరి. వారిలో ఇండ్ల డ్రైవర్లుగా పనిచేసినవారు ఎందరో. అక్కడ ఎడారి దుమ్ము ఎక్కువ గనుక కారు కడుగుట వారికి దినచర్య. కువైటులో నదులు లేవు. 1953లో అక్కడ సముద్రపు నీటిని మరిగించి ఆవిరిని చల్లార్చి మంచినీరు చేయు పెద్ద కర్మాగారము పని ఆరంభించెను. తరువాత ఆ దేశపు కుళాయినీరు చాలవరకు ఆ మార్గముననే వచ్చినది. బట్టీలో దిగిన అట్టి నీటిలో లవణములు స్వల్పము. ఆ నీటితో చేయి తిరిగిన డ్రైవరు ఊరికి వచ్చి, అదే గుడ్డతో, అదే చేతితో బోరునీటితో కారు కడిగినపుడు తెల్లమచ్చలు చూచి, తన పనిలో లోపమేదో జరిగినదని అనుకొనును. లోపము చేతిలో లేదు. అక్కడ కడిగి వదిలినను సరిపోయెడిది. ఇక్కడ కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టవలెను. అంతే భేదము.

మరి నీటి ఖర్చు? నిమిషమునకు 12 లీటర్లు వచ్చు గొట్టమును 15 నిమిషములు వదిలినచో 180 లీటర్లు. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ పల్లెవాసి కొక్కనికి దినమునకు 55 లీటర్లను ప్రమాణముగా పెట్టుకొన్నది. అనగా ఒక్క కడుగుకు ముగ్గురి దినవాడుక పోవును. 2024 మార్చిలో బెంగుళూరు నీటి సంస్థ త్రాగునీటితో కార్లు కడుగుటను నిషేధించి, 5,000 రూపాయల జరిమానా విధించినది. రాయలసీమ వారికి బెంగుళూరు పొరుగూరి వంటిది. అక్కడి బంధువుల నోట ఈ కబురు విన్న ఇండ్లు చాల. ట్యాంకరు కొరకు బిందెలు వరుసగా పెట్టిన వీధిలో గొట్టముతో కారు కడుగువాని వైపు ఇరుగుపొరుగువారు చూచు చూపునకు జరిమానా అవసరము లేదు.

తక్కువ నీటితో, గీతలు పడకుండ కడుగుట సాధ్యమే. రెండు బకెట్లు, సుమారు 30 లీటర్లు చాలును. బండి నీడలో చల్లబడిన పిమ్మట మొదట ముట్టకుండ చెంబుతో పైనుండి నీరు పోసి దుమ్మును నాననీయవలెను. నానిన రేణువు జారిపోవును, ఎండిన రేణువు గీయును. ఒక బకెట్టులో మెత్తని సబ్బునీరు, రెండవదానిలో వట్టినీరు. గుడ్డను సబ్బునీటిలో ముంచి ఒక పలకను పైనుండి క్రిందికి తుడిచి, వట్టినీటిలో జాడించి, మరల సబ్బునీటిలో ముంచవలెను. జాడించిన బకెట్టు అడుగున చేరిన ఎర్ర ఇసుకను చూచినవారు పొడిగుడ్డను మరల ముట్టరు. కుంకుడురసము ఈ పనికి చెడ్డది కాదు. కఠినజలములో సబ్బు వలె విరుగదు. గిన్నెలు తోము పొడి మాత్రము పనికిరాదు, అందులో రాతిపొడి యుండును. చివరకు మెత్తని నూలుగుడ్డతోనో, సన్నని నారల గుడ్డతోనో తడి లేకుండ తుడువవలెను. పిట్టరెట్ట పడినచో వారపు కడుగు వరకు ఆగరాదు. దానిలోని యూరికామ్లము ఒక హాని; ఎండకు పూత మెత్తబడి వ్యాకోచించి, సాయంకాలము గట్టిపడిన రెట్ట చుట్టును ముడుచుకొనుట మరియొక హాని. తడిగుడ్డ నాని యుంచి ఎత్తివేయవలెను, గోటితో గీకరాదు.

ఇటీవల కడప, తిరుపతి వంటి ఊళ్లలోను సెరామిక్కు పూత యను మాట వినబడుచున్నది. ఇది సిలికాను సమ్మేళనములు గల ద్రవము. పూసి ఆరనిచ్చినచో గాలిలోని తేమతో చర్య జరిపి, సిలికాను-ఆమ్లజని బంధములతో ఒకటి రెండు మైక్రానుల గట్టి పొర కట్టును. పలుగురాయిలో నున్న బంధమును ఇదియే యనుట ఒక వినోదము. రసాయనములకు, ఎండకు ఇది మైనము కంటె బాగుగా ఓర్చును. మైనము నెలలలో పోగా ఇది ఏండ్లు నిలువవచ్చును. దీని ప్రకటనలలో కాఠిన్యము 9 హెచ్ అని వ్రాయుదురు. అది చూచి, మోస్ కొలతలో 9 అంకె గల కురువిందముతో సమానమని కొందరు భ్రమపడుదురు. 9 హెచ్ అనునది పెన్సిలు కొలత. 9 హెచ్ పెన్సిలు గీచినను గీత పడలేదని మాత్రమే అర్థము. పెన్సిలు లోని గ్రాఫైటు, బంకమట్టి మిశ్రమము పలుగురాయి దరిదాపులకు రాదు. కాబట్టి ఆ పూత వేసిన బండిని కూడ ఎర్రదుమ్ము మీద పొడిగుడ్డతో తుడిచినచో గీతలు పడును.

పైగా ఈ పూత నీటిని అంటనీయదు. నీరు పరచుకొనక గుండ్రని ముత్యముల వలె నిలుచును. చూచుటకు అందము, వాలుగా నున్న తలుపు మీద నుండి జారిపోవుట మేలు. కాని బల్లపరుపుగా నున్న బానెట్టు మీద ఆ ముత్యము జారదు. పరచుకొన్న నీటిలో పల్చగా వ్యాపించు లవణము, ముత్యములో ఒక్కచోట చేరి చిన్న వలయముగా గట్టిపడును. వేల రూపాయలు పెట్టి పూత వేయించి, బోరునీటితో కడిగి, ఎండలో ఆరవిడిచిన కారు బానెట్టు మీద వారము తిరుగక మునుపే ముగ్గుచుక్కల వలె తెల్లని చుక్కలు వరుసలు తీరి కానవచ్చును.